ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి

మా స్కూలు ఫుట్‌బాల్ జట్టు సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి పార్టీల సంగతి చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

పార్టీలంటే జెండాలున్న పార్టీలు కావు. పై బజారు ఒక పార్టీ, కింద బజారు ఒక పార్టీ, అంతే. పై బజారుకి పెద్ద మా నాన్న. కింద బజారుకి పెద్ద మా అమ్మకి స్వయానా పెదనాన్న కొడుకు, అంటే నాకు మావయ్య. ఇద్దరి మిరపతోటల మధ్య ఒక గట్టు ఉండేది. ఆ గట్టుని ఎవరు ఎటు జరిపారో, అసలు జరిపారో లేదో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే రెండిళ్ళ మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. మా అమ్మ పుట్టింటి వీధి మా గుమ్మంలోంచి కనపడేది. ఆవిడ పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు ఆ వైపు వీపు పెట్టి కూర్చునేది.

ఆ గట్టు మీదే ఒకనాడు రెండు పార్టీల పాలేర్లూ కర్రలతో కొట్టుకున్నారు. తలలు పగిలాయి. ముందు ఎవరు కొట్టారన్నది గుంటూరు కోర్టులో కేసయి కూర్చుంది. ఆ సమయానికి గట్టు పక్క కొట్టంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి, మా ఊరి దూదేకుల సాయిబు. ఎవరింటి పెళ్ళికో పరుపుల కోసం విల్లు కట్టుకుని దూది ఏకుతున్నాడు. సాక్ష్యం చెప్పమని రెండు పార్టీలూ అతని గుమ్మం తొక్కాయి. ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని, కళ్ళ నిండా దూది నలకలతో ఉన్నాననీ, తనకేమీ కనపళ్ళేదనీ ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. చూశాడని ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ అతని జోలికి పోలేదు. అవతలివాళ్ళ సాక్షి కాకుండా ఉంటే చాలని రెండు పార్టీలూ సరిపెట్టుకున్నాయి.

సాయిబు బతుకు ఆ మాట మీద నిలబడింది. పై బజారులో పెళ్ళయితే పరుపులు కుట్టాలి, కింద బజారులో పెళ్ళయినా తనే కుట్టాలి. ఒక బజారు తలుపు మూసుకుందంటే సాయిబు ఇంట్లో పొయ్యి వెలగదు. ఎవరి మనిషీ కాకుండా ఉండటమే అతని బతుకుతెరువు. ఎవరింటికెళ్ళినా రెండో బజారు ముచ్చట ఎత్తేవాడు కాదు. ఇంకెవరైనా ఎత్తినా వినపడనట్టు విల్లు మీటుకుంటూ ఉండిపోయేవాడు.

అతని కొడుకు నా క్లాసే. మావయ్య కొడుకూ నా క్లాసే. మావయ్య కొడుకు నాకు బావ, నేను వాడికి బావని. కానీ స్కూల్లో మేమిద్దరం ఒక మాట మాట్లాడుకుంటే సాయంత్రానికి రెండిళ్ళకీ చేరిపోయేది. అందుకని చెరో గోడవైపు బెంచీ మీద కూర్చుని ఒకడి ముఖం ఒకడు చూసుకోకుండా ఆరో ఫారం దాకా వచ్చేశాం.

అప్పుడొచ్చాడు మా డ్రిల్లు మేష్టారు. పంతొమ్మిదివందల యాభైల చివర్లో అనుకుంటాను. గుంటూరు కాలేజీలో చదివేటప్పుడు ఫుట్‌బాల్ ఆడాడట. అంతకుముందు మాకు తెలిసిన ఆటలు చెడుగుడు, బిళ్ళంగోడు. ఈయన తోలు బంతి ఒకటి సంచీలో వేసుకుని దిగాడు. కొత్తపట్నం వైపు నుంచి సరుగుడు కర్రలు తెప్పించి గోలు స్తంభాలు పాతించాడు. నల్లరేగడి నేల. వానాకాలం కాలు పెడితే చీలమండ దాకా దిగిపోయేది. మిరపకోతల వేళకి ఎండి నెర్రెలు విచ్చేది. గ్రౌండుకి ఆనుకునే మిరపకాయల కల్లాలు. బంతి ఎగిరి ఎర్రటి కాయల్లో పడితే, తేవడానికి వెళ్ళినవాడు తుమ్ముకుంటూ తిరిగొచ్చేవాడు. మాకు చెప్పులు కూడా లేవు, బూట్ల మాట దేవుడెరుగు.

మేష్టారు మంచివాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. మా ఊరి సంగతి తెలియదు. కాళ్ళు చురుకైనవాళ్ళని చూసి జట్టు కట్టాడు. నన్ను లెఫ్ట్ అవుట్‌లో, అంటే ముందు వరసలో ఎడమ చివర పెట్టాడు, బావని రైట్ అవుట్‌లో పెట్టాడు. మొదటి రోజే ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. పై బజారు పిల్లలు కింద బజారు పిల్లలకి బంతి ఇవ్వరు. కింద బజారు వాళ్ళు పై బజారు వాళ్ళకి ఇవ్వరు. ఒకే జట్టులో ఉంటూ ఒకరి కాళ్ళలోంచి ఒకరు బంతి లాక్కున్నారు. ఆయన విజిలు ఊది ఊది దవడలు నొప్పెట్టి, నేల మీద చతికిలబడ్డాడు.

ఊళ్ళో ఎవరో సంగతి చెప్పి ఉంటారు. మర్నాడు జట్టుని నిలువునా చీల్చేశాడు. ఎడమ సగమంతా పై బజారు, కుడి సగమంతా కింద బజారు, గోల్లో పక్క ఊరి నుంచి నడిచొచ్చే ఒక కుర్రాడు. మధ్యలో సాయిబు కొడుకు. వాడికి మేం రెండు వైపులవాళ్ళమూ బంతి ఇవ్వొచ్చు. వాడు రెండు వైపులా ఇవ్వొచ్చు. ఎవరింట్లోనూ ఎవరూ తన్నరు. ఆ రోజు నుంచీ మేం వాణ్ణి సెంటరు అనే పిలిచాం.

సెంటరు ఆట ఎలా ఉండేదంటారా? చూసినవాళ్ళు మర్చిపోరు. సన్నగా, కాస్త గూనిగా ఉండేవాడు. వాళ్ళ నాన్నతో చిన్నప్పటి నుంచీ దూది మూటలు మోసిన వీపు అది. బంతి వాడి కాలికి తగిలితే చప్పుడయ్యేది కాదు. తలెత్తి చూడకుండానే ఎవడెక్కడున్నాడో తెలిసేది వాడికి. గ్రౌండులో నన్ను "ఒరేయ్, ఉరకరా" అని కసిరేవాడు. అదే సాయంత్రం మా ఇంటికి వాళ్ళ నాన్న వెంట దిండ్లు తెచ్చినప్పుడు "అబ్బాయిగారూ, ఎక్కడ పెట్టమంటారు" అనేవాడు. నాకు సిగ్గేసేది. లోపలికి పోయేవాణ్ణి.

ఒక సంగతి మాత్రం మేష్టారికి ఎంతకీ అంతుపట్టలేదు. ఒకరోజు ఆట ఆపేసి, ఎడమవైపు నేను గోలు ముందు ఒంటరిగా నిలబడి ఉంటే, ముగ్గురు కాపలా ఉన్న కుడివైపుకి బంతి ఎందుకిచ్చావని వాణ్ణి నిలదీశాడు.

"ఇందాక ఎడమకి ఇచ్చానండి," అన్నాడు సెంటరు.

మేష్టారికి అర్థం కాలేదు. మాకు అర్థమయింది. వాడు వంతులేసుకుని ఇస్తున్నాడు. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. జట్టులో చేరతానంటే వాళ్ళ నాన్న ఆ ఒక్క షరతు మీదే ఒప్పుకున్నాడట. ఎవరికీ ఒక్కటి ఎక్కువ పోకూడదు, ఎవరికీ ఒక్కటి తక్కువ పోకూడదు. ఆటలో ఎవడు ఖాళీగా ఉన్నాడన్నది చూడటానికి లేదు. ఎవడి వంతన్నదే చూడాలి. నవ్వొస్తోంది కదూ? మాకూ నవ్వొచ్చేది. విచిత్రమేమిటంటే దాంతోనే మేం గెలిచేవాళ్ళం. అవతలి జట్లవాళ్ళు ఖాళీగా ఉన్నవాడి మీద పడేవారు, వీడు కాపలా ఉన్నవాడికి ఇచ్చేవాడు. ఇదేం ఎత్తురా నాయనా అని బుర్ర గోక్కునేవారు.

గెలుస్తున్నామని తెలిశాక పెద్దవాళ్ళు చూడటానికి రావడం మొదలెట్టారు. మా ఖర్మ అక్కడే కాలింది. పై బజారువాళ్ళు పాలేర్ల చేత నులక మంచాలు మోయించుకొచ్చి ఎడమవైపు గీత మీద వేసుకున్నారు. కింద బజారువాళ్ళ మంచాలు కుడివైపు గీత మీద పడ్డాయి. చుట్టలు వెలిగించి కూర్చునేవారు. నేను గోలు కొడితే ఎడమవైపు ఈలలు, కుడివైపు చడీచప్పుడు లేదు. బావ కొడితే కుడివైపు పండగ, ఎడమవైపు మా నాన్న చుట్ట నలిపి పారేసేవాడు. ఒకసారి మా వైపు బ్యాకు ఆడేవాడు తడబడి అవతలి ఊరివాళ్ళు మా మీద గోలు కొట్టారు. కుడివైపు మంచాల మీద చప్పట్లు మోగాయి. సొంత ఊరు ఓడిపోతుంటే చప్పట్లు! గోలు కొట్టిన పరాయి పిల్లాడు బిత్తరపోయి మా వాళ్ళకేసి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆట అయ్యాక అవతలి జట్టుతో చేతులు కలపాలని మేష్టారి నియమం. గెలిచినా ఓడినా "బాగా ఆడారు" అనాలి. పరాయి ఊరి పిల్లలతో హాయిగా చేతులు కలిపేవాళ్ళం. మాలో మేం కలుపుకోమంటే మాత్రం చేతులు వెనక్కి పోయేవి. ఒకసారి మేష్టారు నన్నూ బావనీ మెడలు పట్టుకుని ఎదురెదురుగా నిలబెట్టాడు. రెండు వైపులా మంచాలు కిర్రుమన్నాయి. మా నాన్న లేచి నిలబడ్డాడు, అటు మావయ్యా లేచి నిలబడ్డాడు. బావ నా కళ్ళలోకి చూసి, పెదాలు కదలకుండా, వద్దులే బావా అన్నాడు. నేను మేష్టారి చెయ్యి విదిలించుకుని పరిగెత్తాను.

ఆయన ఊరుకోలేదు, పాపం. మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, పిల్లల ఆటని పిల్లలకి వదిలెయ్యాలనీ, గీత పక్కన అరవకూడదనీ, ఎవరు బాగా ఆడినా చప్పట్లు కొట్టాలనీ మా నాన్నకి చాలాసేపు చెప్పాడు. నాన్న ఆయనకి మజ్జిగ ఇప్పించాడు. అంతా విని, మీరు చెప్పింది చాలా బాగుందండీ, ముందు అటువాళ్ళకి చెప్పండి, వాళ్ళు మానేస్తే మేమూ మానేస్తాం అన్నాడు. మేష్టారు సంబరంగా కింద బజారుకి వెళ్ళాడు. అక్కడ మావయ్యా మజ్జిగే ఇచ్చాడట. మాట కూడా అదే చెప్పాడట. మర్నాడు డ్రిల్లు పీరియడులో ఆయన మా చేత బస్కీలు తీయించలేదు, పరుగులు పెట్టించలేదు. నీడన కూర్చోమన్నాడు. తనూ కూర్చున్నాడు.

ఆ ఏడు మేం చివరి పందెం దాకా వెళ్ళాం. కప్పు కోసం ఆడే ఆట మా గ్రౌండులోనే. మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజులు. గాలి వీస్తే కళ్ళు మండేవి. రేగడి ఎండి నెర్రెలు విచ్చింది. మేష్టారు తనే తట్టతో మట్టి మోసి పెద్దవి పూడ్చాడు. అన్నీ పూడ్చడం ఎవరి తరం? సాయిబు కూడా వచ్చాడు. ఎప్పుడొచ్చినా అతను ఎడమవైపు నిలబడేవాడు కాదు, కుడివైపు నిలబడేవాడు కాదు. గోలు స్తంభాల వెనక, ఎండలో, తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడేవాడు.

చెరో గోలూ అయింది. పొద్దు వాలుతోంది. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. సెంటరు కాళ్ళ దగ్గరికి బంతి వచ్చింది. ఇందాక నాకిచ్చాడు కాబట్టి వంతు కుడివైపుది. బావ అప్పటికే ఉరుకుతున్నాడు. ఉరుకుతూ ఉరుకుతూ ఉన్నవాడు ఉన్నట్టుండి కూలబడ్డాడు. కాలు నెర్రెలో దిగబడి చీలమండ మెలి తిరిగింది. వాడి వెనకాల పరిగెత్తినవాళ్ళంతా అక్కడే చేరారు. ఇవతల నేను ఒక్కణ్ణే. నా ముందు గోలీ తప్ప పిట్ట కూడా లేదు.

సెంటరు బంతి మీద కాలు పెట్టి ఆగిపోయాడు. ఎడమ గీత మీద నుంచి మా నాన్న ఇటివ్వరా ఇటివ్వరా అని గొంతు చించుకుంటున్నాడు. కుడి గీత మీద నుంచి మావయ్య మనుషులు ఇవ్వకురా అని అరుస్తున్నారు. వాడు రెండు వైపులా చూశాడు. తర్వాత గోలు వెనక నిలబడ్డ వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఇవ్వొద్దురా దేవుడా అని నేను మనసులో మొక్కుకున్నాను. గోలు ముందు ఒంటరిగా నిలబడి బంతి రావొద్దని మొక్కుకున్నవాడు ఫుట్‌బాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అప్పుడు నేల మీద నుంచి బావ అరిచాడు.

"బావకివ్వరా! నా వంతు బావకిచ్చెయ్!"

ఆ గోలలో ఆ మాట విన్నది మేం ముగ్గురమే. సెంటరు ఇంక ఆలోచించలేదు. బంతి దూదిపింజలా వచ్చి నా కాలి ముందు వాలింది. కొట్టాను. కొట్టక ఏం చెయ్యను చెప్పండి? పదహారేళ్ళవాణ్ణి. కాలు ఊరుకుంటుందా?

మంచాలు బోర్లాపడ్డాయి. పై బజారంతా గ్రౌండులోకి ఉరికింది. నన్ను ఎత్తుకుంటారనుకున్నాను. మా నాన్న నన్ను దాటుకుని పోయి సెంటరుని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. తన జరీ కండువా తీసి వాడి మెడలో వేశాడు. వాణ్ణి కుడి గీత దాకా మోసుకెళ్ళి, కింద బజారు మంచాల ముందు నిలబడి ఊగిపోయాడు.

"మనవాడురా వీడు!" అన్నాడు. "చూసుకోండి, మనవాడు!"

సెంటరు ఆ భుజాల మీద ఏడుస్తున్నాడు. దించండయ్యా, దించండయ్యా అంటున్నాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుని జనం ఇంకా ఎగిరారు. గోలు వెనక సాయిబు నెత్తి మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కింద బజారు మంచాల వైపు తిరిగి రెండు చేతులూ జోడించి అలాగే ఉండిపోయాడు. అటువైపు ఎవరూ అతన్ని చూడలేదు. మంచాలెత్తించుకుని వెళ్ళిపోయారు. కోపంలో తమ పిల్లాడు నెర్రె పక్కన పడి ఉన్నాడన్నది కూడా మర్చిపోయారు. ఓడిపోయిన జట్టు కెప్టెను తన చొక్కా చింపి బావ చీలమండకి కట్టు కట్టాడు. వాళ్ళ జట్టు పిల్లలే వాణ్ణి చేతుల మీద ఇంటికి మోసుకెళ్ళారు. మా మేష్టారు చెప్పిన ఆటమర్యాద ఆ రోజు మా ఊళ్ళో చూపించింది వాళ్ళొక్కరే.

మర్నాడు పొద్దున్నే మావయ్యగారింటి నుంచి సాయిబు గుమ్మం ముందుకి ఒక బండి వచ్చింది. వాళ్ళమ్మాయి పెళ్ళికని సగం కుట్టిన పరుపులు వెనక్కి తీసుకుపోయారు. ఏకకుండా మిగిలిన దూదిని ఎవరో కాళ్ళతో వీధిలోకి తన్నారు. సాయిబు భార్య ఆ దూదంతా ఏరుకుంటూ వీధి పొడుగునా తిరగడం స్కూలుకి వెళ్తూ చూశాను. ఆ రోజు నుంచీ కింద బజారులో ఒక్క ఇల్లు కూడా సాయిబుని పిలవలేదు.

సరే, పై బజారైనా ఉంది కదా అనుకుంటారు. ఉంది. అసలు ముప్పు అటునుంచే వచ్చింది. ఆ వారంలోనే మా నాన్న సాయిబుని పిలిపించాడు. ఎన్నడూ లేనిది కుర్చీ వేయించాడు. నీకింక కింద బజారు భయమేముంది సాయిబూ, ఎటూ వాళ్ళు వదిలేశారు, నువ్వు మావాడివని నీ కొడుకే ఊరందరి ముందూ చూపించాడు, వచ్చే వాయిదాకి గుంటూరొచ్చి చూసింది చెప్పు అన్నాడు. చూసిందంటే, ముందు కింద బజారువాళ్ళే కర్రెత్తారని చెప్పాలన్నమాట. నిజానికి ఎవరెత్తారో సాయిబుకే తెలుసు. అతను కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి, నేనేం చూళ్ళేదు బాబూ అన్నాడు. మా నాన్న నవ్వి, ఆలోచించుకో అన్నాడు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు. ఆలోచించుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

నేను ఊరుకున్నానని అనుకోకండి. ఆ రాత్రి అన్నాల దగ్గర నోరు విప్పాను. అది బావ వంతనీ, నాకివ్వమని బావే అరిచాడనీ, సెంటరు మన మనిషై ఇవ్వలేదనీ చెప్పాను. మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. బావ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అని ఎన్నేళ్ళయిందో. అమ్మ చేతిలో గరిటె కింద పడింది. నాన్న తినేసి, చెయ్యి కడుక్కుని, పిల్లకాయలకి ఇవన్నీ అర్థం కావులే అని అరుగు మీదికి వెళ్ళాడు. కొట్టినా బావుండేది. కొడితే కనీసం నా మాట విన్నాడని అనుకునేవాణ్ణి.

అటు బావ అంతకుముందే, ఆట జరిగిన రాత్రే చెప్పేశాడు. మంచం మీద పడుకుని, కాలు దిండు మీద పెట్టుకుని, నేనే ఇవ్వమన్నానని వాళ్ళ నాన్నకి చెప్పాడు. అదే సాయిబు కొంప కూల్చింది. నా కొడుక్కి కూడా మందు పెట్టి వాళ్ళవైపు తిప్పాడా ఆ సాయిబు కొడుకు అని మావయ్య ఊగిపోయాడట. కాలు మెలిపడి ఉన్న పిల్లాణ్ణి చెంప మీద కొట్టాడట. ఈ కబురు మా పాలేరు ద్వారా నాకు తెలిసింది. ఇద్దరం నిజమే చెప్పాం. ఇద్దరి నిజమూ కలిసి మా సెంటరు నెత్తిన పడింది.

మేష్టారు కప్పు పట్టుకుని రెండు బజార్లూ తిరిగాడు. ఇది పిల్లలందరూ కలిసి గెలిచిందండీ అని బతిమాలాడు. పై బజారులో శాలువా కప్పారు. కింద బజారులో తలుపులు తియ్యలేదు. ఆయన ఆ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, తల వంచుకుని గ్రౌండు మీదుగా నడిచి వెళ్ళడం చూశాను.

వాయిదా దగ్గర పడింది. మా నాన్న సాయిబుకి గుంటూరు వెళ్ళడానికి కొత్త పంచె పంపించాడు. మర్నాడు తెల్లవారేసరికి ఆ పంచె మడత విప్పకుండా మా అరుగు మీద ఉంది. సాయిబు ఒంటెద్దు బండి కట్టుకుని ఊరు వదులుతున్నాడని అమ్మ నా చెవిలో చెప్పింది. దర్శి అవతల ఎక్కడో అతని భార్య తరఫు వాళ్ళున్నారట. నేను దొడ్డిదారిన పడి గ్రౌండు దగ్గరికి పరిగెత్తాను. బండి అటునుంచే పోవాలి.

బండి మీద పొయ్యి సామాను, నాలుగు మూటలు, అన్నిటి మీదా అడ్డంగా దూది ఏకే విల్లు. సెంటరు బండి వెనక నడుస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు. పరీక్షలు రాయకుండానే వెళ్ళిపోతున్నాడు. ఆ మాటే అడిగాను. తలూపాడు. మా నాన్న తరఫున ఏదో చెప్పాలనుకున్నాను. ఏం చెప్పను?

"ఒరేయ్," అన్నాడు వాడు. గ్రౌండు బయట నన్ను ఒరేయ్ అనడం అదే మొదలు. "బంతి తప్పుగా ఇచ్చానా రా?"

"లేదురా," అన్నాను.

వాడు బుర్ర ఊపి, బండి అందుకోవడానికి ఉరికాడు. వాడి ఉరుకు చూస్తే ఎవరైనా బంతి ఆటగాడని చెప్తారు. తర్వాత వాళ్ళ గురించి ఒక్క కబురూ తెలియలేదు. కేసు ఎవరు గెలిచారో కూడా నాకు గుర్తు లేదు. ఎవరు గెలిచినా గట్టు మాత్రం ఎక్కడికీ కదల్లేదు.

నేనూ బావా మాత్రం పరీక్ష తప్పి అదే క్లాసులో మిగిలాం. మళ్ళీ చలికాలం వచ్చింది, మళ్ళీ జట్టు కట్టారు. బావ చీలమండ కుదిరింది. మధ్యలో పెట్టడానికి మేష్టారు ఊరంతా వెతికాడు. ఏ పార్టీకీ చెందని పిల్లాడు మా ఊళ్ళో ఇంకొకడు దొరకలేదు. చివరికి మధ్య చోటు ఖాళీగానే వదిలేసి, దేవుడి మీద భారం వేసి మమ్మల్ని దింపాడు. ఎడమ గీత మీద మంచాలు, కుడి గీత మీద మంచాలు, చుట్టల పొగ. ఏమీ మారలేదు.

ఆట మొదలైన కాసేపటికే బంతి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నా మీదికి ముగ్గురు వస్తున్నారు. అటు చివర బావ ఒంటరిగా గోలు ముందు నిలబడి చెయ్యెత్తాడు. పేరు పెట్టి పిలవలేదు, బావా అనలేదు, ఉత్త చెయ్యెత్తాడంతే. కొడితే నేరుగా వాడి కాలికి చేరుతుంది. నేను మధ్యకి చూశాను, అలవాటు కొద్దీ. అక్కడ ఎవరూ లేరు. తర్వాత ఎడమ గీత మీదికి చూశాను. మా నాన్న మంచం మీద ముందుకి వంగి, చుట్ట నోట్లోంచి తీసి, నన్నే చూస్తున్నాడు. ఎలా కొట్టానో తెలియదు, బంతి గీత దాటి మిరపకాయల్లో పడింది.

బావ ఎత్తిన చెయ్యి దించేశాడు. మా నాన్న చప్పట్లు కొట్టాడు.